లప్పం నింపిన ఆమ్లజని

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా అవ్వ అనేది, బళ్లో పిల్లలు చాటుగా అనుకునేవాళ్లు, నిర్మల్‌లో నాకు కర్రబొమ్మలు చేసిచ్చిన పెద్దమనిషి మాత్రం మొహం మీదే అన్నాడు. అందుకని ఇందులో నేనెవరినైనా తిట్టినట్టు కనిపిస్తే నిజంగానే తిట్టాననుకోండి.

అరవైల మొదట్లో కరీంనగర్ వైపు నుంచి నన్ను నిర్మల్‌లో ఒక హైస్కూలుకి సైన్సు టీచరుగా వేశారు. బీఎస్సీలో నాకు చెట్లన్నా కప్పలన్నా ప్రాణం. కెమిస్ట్రీ మాత్రం అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తొమ్మిదో తరగతి కెమిస్ట్రీ నీదే అన్నారు. సరే అన్నాను.

పదో తరగతి కెమిస్ట్రీ పెద్ద సారుది. బడి అంతా ఆయన్ని అలాగే పిలిచేది. నిజాం కాలం నుంచీ ఉర్దూలో పాఠం చెబుతూ వచ్చిన మనిషి. ఊరి పాత బజారులో ఇల్లు, తెల్లటి షేర్వానీ, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. తెలుగు మనందరి కంటే ధారాళంగా మాట్లాడతాడు. రాయడం, చదవడం మాత్రం రాదు. పాఠాలు ఉర్దూ నుంచి తెలుగులోకి మారి, ఆక్సిజన్ కాస్తా ఆమ్లజని, హైడ్రోజన్ కాస్తా ఉదజని అయ్యేసరికి ఆయనకి కొత్త పుస్తకం మూసిన తలుపే అయింది.

నేను చేరిన వారానికే మా ఇద్దరికీ చెడింది. నీటిలో ఆమ్లజనీ ఉదజనీ ఎలా అతుక్కుంటాయో బోర్డు మీద రాస్తున్నాను. ఉదజనికి రెండు ఎలక్ట్రాన్లు, ఆమ్లజనికి పైవరుసలో ఎనిమిది అని రాసి, అవి అతుక్కుంటాయని గట్టిగా చెబుతున్నాను. గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"ఆగు బిడ్డా. గలత్ రాసినవ్."

నలభై మంది పిల్లల ముందు! నా మొహం కందగడ్డ అయింది. "ఉదజనికి ఒక్కటే ఉంటది, ఆమ్లజనికి పైన ఆరే ఉంటయి. కొరత ఉన్నది గాబట్టే అతుకుతయి" అని చెప్పి ఆయన తన దారిన పోయాడు. పుస్తకం తిరగేస్తే ఆయనదే నిజం. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

మర్నాడు కావాలనే ఆయన క్లాసు ముందు నుంచి నడిచాను. పుస్తకంలోని శీర్షికను ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కొక్క అక్షరం చూసి బోర్డు మీద దించుతున్నాడు. ఉర్దూ అలవాటు కొద్దీ కుడి అంచు దగ్గర మొదలుపెట్టాడు. తెలుగు కుడివైపుకే నడుస్తుంది కదా, రెండక్షరాలకి బోర్డు అయిపోయింది. మిగతా పాఠం పేరంతా సున్నపు గోడ మీదికి పోయింది.

"సార్, గోడ మీద రాసిన్రు" అన్నాను గుమ్మంలోంచి.

ఆయన గోడ వంక చూశాడు. నా వంక చూశాడు. ఆయనకి కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. పడీపడీ నవ్వాడు. సుద్దముక్క నా చేతిలో పెట్టి, "అయితే నువ్వే రాయి బిడ్డా, నేను చెప్త" అన్నాడు.

అట్లా మొదలైంది. నా పీరియడులో ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆయన పీరియడులో నేను బోర్డు దగ్గర నిలబడేదాన్ని. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సాయంత్రం టీచింగ్ డైరీలో ఆయన ఆ రెండు పీరియడ్లూ తనవని రాసుకునేవాడు. నేనూ రెండూ నావనే రాసేదాన్ని. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం రాశామని నేనిప్పటికీ అనుకోను.

సంవత్సరం తిరగకముందే ఒక కాగితం వచ్చింది. ఉర్దూలో చెబుతూ వచ్చిన సార్లంతా తనిఖీ అధికారి ముందు తెలుగులో పాఠం చెప్పి, బోర్డు మీద రాసి చూపించాలి. చేతకాకపోతే మహబూబ్‌నగర్ అవతల ఏదో ఉర్దూ బడికి బదిలీ. పెద్ద సారుకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది.

నేనైతే రెండేళ్లే కదా అనుకున్నాను. ఆ ఆదివారం వాళ్లింటికి పోయేదాకా అట్లాగే అనుకున్నాను. ఆయన బీబీకి చూపు దాదాపు పోయింది. కానీ ఆ ఇంట్లో ఆమె తిరుగుతుంటే ఎవరికీ తెలియదు. వంటింటి గడప, బావి గట్టు, జామచెట్టు కొమ్మ, అన్నీ ఆమె కాళ్లకీ చేతులకీ తెలుసు. చాయ్ కప్పు అంచు మీద వేలు పెట్టుకుని ఒక్క చుక్క ఒలకకుండా పోసి నా చేతికిచ్చింది.

"కొత్త ఇంట్ల ఈమె ఎట్ల తిరుగుతది?" అన్నాడు పెద్ద సారు, ఆమె లోపలికి పోయాక. ఆయన నవ్వకుండా మాట్లాడడం నేను చూసింది అప్పుడే. నాకు దిగులేసింది. దిగులేస్తే కూడా నాకు కోపమే వస్తుంది.

"అసలు రాయకుండనే పాఠం చెప్పేద్దాం సార్. బొమ్మలతోని" అన్నాను.

ఊరే బొమ్మల ఊరు. బొమ్మలు చెక్కే నకాషీ వాళ్ల వాడలో చెయ్యి తిరిగిన ఒక ముసలాయన దగ్గరికి పోయాను. పొనికి అనే తేలిక కర్రతో పండ్లు, పక్షులు చేస్తాడు. ఆయన సీతాఫలాన్ని ఒక కాకి పొడిచి చూసిందని చెప్పుకునేవాళ్లు. నేను కాగితం మీద గీసి చూపించాను.

"గిదేం పండు టీచరమ్మా?"

"పండు గాదు. ఆమ్లజని."

"అయితే పక్షా?"

"గాలి! మనం పీల్చే గాలిల ఉంటది. బత్తాయంత గుండు చెయ్యి. దానికి ఎనిమిది బెజ్జాలు. ఆరింటికే పుల్లలు పెట్టు, రెండు ఖాళీగ ఉండాలె. ఉసిరికాయంత గుండ్లు ఇంకో రెండు. వాటికి రెండేసి బెజ్జాలు, ఒక్కొక్కటే పుల్ల. దీని పుల్ల దాని బెజ్జంల, దాని పుల్ల దీని బెజ్జంల దూరాలె. అప్పుడు రెండూ అతుకుతయి. సమజైందా?"

"సమజైంది."

"ఖాళీ బెజ్జాలు మర్సిపోవద్దు."

"జర మెల్లగ చెప్పు టీచరమ్మా, నీకు ముక్కు మీదనే ఉన్నది కోపం" అని తల ఊపాడు. నేను చెప్పినంతసేపూ ఊపుతూనే ఉన్నాడు. పనివాడు తల ఊపితే ఒప్పుకున్నట్టేనని నమ్మాను. ఆ వయసులో అంతే తెలివి.

రెండు జతలు చేయమన్నాను. తనిఖీ రోజు పొద్దున, గంట కొడుతుండగా తెచ్చాడు. గంపలో గడ్డి పరిచి, పైన ఎర్రగుడ్డ కప్పి తెచ్చాడు. రంగు ఇంకా తడిగా ఉందట, ముట్టుకోవద్దన్నాడు. తన పనిని పెద్ద అధికారి మెచ్చుకుంటుంటే చూద్దామని తనూ వరండాలో నిలబడ్డాడు. గుడ్డ తీసి చూసే తీరిక నాకు లేకపోయింది.

అధికారి సర్కారు జిల్లాల నుంచి వచ్చిన మనిషి. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. వెనక బెంచీలో కూర్చుని నోటుబుక్కు తెరిచాడు. పక్కన కుర్చీలో మా హెడ్మాస్టరు. పెద్ద సారు మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన చెప్పిన తీరు నేను మరిచిపోలేదు. పైవరుసలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటే పరమాణువుకి కడుపు నిండినట్టేనన్నాడు. ఉదజనికి రెండైతే చాలన్నాడు. ఆమ్లజనికి రెండు తక్కువ, ఉదజనికి ఒకటి తక్కువ, ఇక చూడండి అని గుడ్డ తీశాడు.

పిల్లలు 'అబ్బా' అన్నారు. గుండ్లు నిగనిగలాడుతున్నాయి. ఆమ్లజనికి కుంకుమ రంగు, ఉదజనికి పసుపు రంగు. ఒక్కొక్క పుల్ల మొన మీద బంగారు చుక్క. ఆమ్లజనికి ఎనిమిది పుల్లలు. ఉదజనికి రెండేసి. ఖాళీ బెజ్జం అన్నది ఎక్కడా లేదు.

పెద్ద సారు రెంటినీ దగ్గరికి తెచ్చి కలపబోయాడు. పుల్లకి పుల్ల తగిలి టక్కుమంది. తిప్పి పెట్టాడు. టక్కు. నేను వరండాలోకి ఉరికాను.

"బెజ్జాలేవి?"

"నింపిన" అన్నాడు ముసలాయన సంతోషంగా.

"ఎందుకు నింపినవయ్యా!"

"గుంత ఉన్న బొమ్మ నా చెయ్యి దాటది టీచరమ్మా. మా బాపు నేర్పిన పని. పురుగు తొలిచిన కర్ర అంటరు చూసినోళ్లు. చింతగింజల లప్పం పెట్టి సాపు జేసిన. పుల్లలు గూడ తక్కువున్నయి, నువ్వు కోపంల మర్సిపోయినవేమో అని ఆ లప్పంలనే పుల్లలు గుచ్చి అన్నిటికి పూర జేసిన."

ఆయన ఎనిమిది వేళ్లు చూపించి, "నిండుగ ఉన్నయి గదా?" అన్నాడు. నిండుగానే ఉన్నాయి. ఆ మాటకొస్తే నేను మొదటి వారం బోర్డు మీద రాసిన తప్పే ఈయన కర్రలో చెక్కి తెచ్చాడు.

లోపలికి వచ్చేసరికి అధికారి లేచి నిలబడ్డాడు. "ఏమయిందండీ? అవి అతుక్కోవడం లేదా?"

"అతుకవు సార్" అన్నాడు పెద్ద సారు. ఆయనకి నవ్వు ఆగడం లేదు. ఆమ్లజనిని పైకెత్తి పిల్లలకి చూపించాడు. "చూడున్రి పిల్లలూ, మన బొమ్మలాయన మంచితనంతోని దీనికి ఏ కొరతా లేకుండ జేసిండు. ఎనిమిదికి ఎనిమిది ఉన్నయి. ఇగ ఇది ఎవ్వని దగ్గరికి పోదు, ఎవ్వన్ని రానియ్యది. ఇటువంటివి నిజంగనే ఉన్నయి, జడవాయువులు అంటరు. అల్మారీల పెడితే ఒంటరిగ కూసుంటయి. అతుకాలంటే కొరత ఉండాలె."

"బాగానే ఉంది. ఆ అతుక్కునేది కాస్త బోర్డు మీద వేసి, పక్కన వివరణ రాయండి" అన్నాడు అధికారి.

పెద్ద సారు సుద్దముక్క తీశాడు. బోర్డు దాకా నడిచాడు. ఈసారి ఎడమ అంచు దగ్గరే నిలబడ్డాడు, పాపం. చెయ్యి ఎత్తి, మళ్లీ దించాడు.

"నాకు తెలుగు రాయరాదు సార్" అన్నాడు.

అధికారి నోటుబుక్కులో కలం పెట్టాడు. ఆ కలం చూడగానే నాకు ఆ చాయ్ కప్పు అంచు మీది వేలు గుర్తొచ్చింది. ఇక నా నోరు నా మాట వినలేదు.

"నాకు కెమిస్ట్రీ రాదు సార్!" అని అరిచాను.

అధికారి కలం ఆగింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచి అట్లాగే ఉండిపోయాడు. పెద్ద సారు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దు బిడ్డా అన్నట్టు. అప్పటికే అనేశాను కదా. ఆయన నిట్టూర్చి, సుద్దముక్క నా చేతికిచ్చి పిల్లల వైపు తిరిగాడు.

"సరే, బొమ్మలు లేకపోతే మేమే బొమ్మలం. నాకొక కొరత, ఈ టీచరమ్మకొక కొరత. నా దగ్గరున్నది ఒకటి నేను నడుమల పెట్టిన, ఆమె దగ్గరున్నది ఒకటి ఆమె పెట్టింది. రెండూ నావే అని నేను లెక్కబెట్టుకుంట. రెండూ ఆమెవే అని ఆమె లెక్కబెట్టుకుంటది. ఎవ్వరిదీ ఎవ్వరు గుంజుకోలే."

ఆయన చెబుతుంటే నేను రాశాను. అక్షరాలు కుదురుగా పడ్డాయి.

అధికారి మొదటి వరసలోని ఒక పిల్లని లేపాడు. "ఆ మధ్యలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లూ ఎవరివమ్మా?"

"ఇద్దరివి సార్."

"అంటే చెరి సగమా?"

"కాదు సార్. రెండూ పూరాగ ఆమ్లజనివి, రెండూ పూరాగ ఉదజనివి. విడిపోతే ఇద్దరికీ తక్కువైతది."

ఆయన మా ఇద్దరి డైరీలూ తెప్పించుకున్నాడు. ఒకే పీరియడ్లు రెండు డైరీల్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. నవ్వాడో లేదో నేను చెప్పలేను, మీసం కింద ఏదో కదిలింది. పోయేముందు రిపోర్టులో రాసింది హెడ్మాస్టరు మాకు చదివి వినిపించాడు: బోధన సంతృప్తికరం, ఈ పాఠాలు ఇకముందు కూడా ఇద్దరు ఉపాధ్యాయులూ కలిసే చెప్పవలెను. అంతవరకూ దొంగతనంగా చేసింది అప్పటి నుంచి ఆర్డరయింది. బదిలీ మాట మళ్లీ రాలేదు. అధికారి ఒక జత గుండ్లు చాలా ముచ్చటగా ఉన్నాయని ఇంటికి పట్టుకుపోయాడు. బొమ్మలాయన ఆ తర్వాత నన్నెప్పుడు చూసినా ఎనిమిది వేళ్లు చూపించేవాడు.

రెండో జత అల్మారీలో ఉండిపోయింది.

రెండేళ్లు ఇట్టే అయిపోయాయి. పెద్ద సారు రిటైరయ్యే రోజు దండలు, మిక్చరు, ప్రసంగాలు అన్నీ అయ్యాయి. అందరూ పోయాక, "ఇగ ఎట్ల బిడ్డా, ఒక్కదానివే చెప్తవా?" అన్నాడు. నాకు ఏడుపొస్తోంది. అది కనపడకూడదని పెడసరంగా అన్నాను: "నాకిప్పుడు అన్నీ వచ్చు సార్. ఎవ్వరూ అక్కర్లేదు. ఫికర్ జేయకున్రి."

ఆయన అల్మారీ తెరిచి, దుమ్ము పట్టిన కుంకుమ రంగు ఆమ్లజనిని తీసి, షేర్వానీ అంచుతో తుడిచి నా బల్ల మీద పెట్టాడు. ఎనిమిది పుల్లలూ అట్లాగే ఉన్నాయి.

"నిండుగ అయినవ్ బిడ్డా" అని నవ్వి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

వారం రోజులు దాన్ని చూస్తూ ఒక్కదాన్నే పాఠం చెప్పాను. ఒక్క తప్పూ రాయలేదు. గుమ్మం వైపు చూడకుండా ఉండలేకపోయాను.

ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు పుల్లలు పీకి, ఆ రెండు బెజ్జాల్లోని లప్పం కంపాసు ముల్లుతో తవ్వాను. చింతగింజల లప్పం రాయిలా గట్టిపడింది. రెండు ముళ్లు విరిగాయి, ముసలాయన్ని మళ్లీ మొదట్నుంచీ తిట్టాను. మధ్యాహ్నానికి రెండు బెజ్జాలు బయటపడ్డాయి.

పాత బజారుకి పోయాను. గడప దగ్గర చెప్పులు విడవగానే బీబీ లోపలి నుంచే పిలిచింది. "ఆవ్ బేటీ. చెప్పులు గంత కోపంగ ఇడిసేది నువ్వొక్కదానివే."

పెద్ద సారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గుండు ఆయన చేతిలో పెట్టాను. ఆయన వేళ్లు దాని చుట్టూ తిరిగి ఆ రెండు బెజ్జాల దగ్గర ఆగాయి.

"ఏమైంది బిడ్డా?"

"డౌటు సార్. నీళ్ల పాఠం."

"ఎక్కడి నుంచి చెప్పాలె?"

"మొదటి నుంచి."

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బీబీ వేలు పెట్టి చూసుకుంటూ చాయ్ పోస్తోంది. నాకు అక్షరం అక్షరం తెలిసిన పాఠమే. ఒక్క మాట కూడా అడ్డం పడకుండా చివరిదాకా విన్నాను. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.