పెద్దమ్మ మీగడ చేతులు

పొద్దున్నే పార్లర్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. "అమ్మ పోయింది చెల్లె, జల్ది రా" అన్నాడు. నా పార్లర్ చాంద్రాయణగుట్టలో, వాళ్ళిల్లు గౌలిపురలో. ఆటో ఎక్కితే ఎంతసేపని? ఇంత దగ్గరుండి ఈ చలికాలమంతా ఒక్కసారి కూడా పోలేదు. ఆ మాటే దారి పొడుగునా నన్ను తినేసింది.

మాది పాలమ్మే ఇల్లు. అమ్మ పనికి పోయేది గనుక నేను పెద్దమ్మ చేతిలోనే పెరిగాను. ఆదివారం తలస్నానాలకు ముందు ఆమె పిల్లలందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, మీగడలో చిటికెడు పసుపు కలిపి మొహాలకు పట్టించేది. జిడ్డు మొహమైనా, పగిలిన మొహమైనా అందరికీ అదే మందు. "గుంజొద్దు, పసిపిల్లను నిమిరినట్టు నిమరాలె" అనేది. గిన్నె ఖాళీ అయ్యాక తన వేళ్ళకు అంటినది కూడా గీసి చివరి పిల్ల ముక్కు మీద పెట్టేది. తను మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. "నాకెందుకే, నన్నెవరు చూడొస్తరు?" అని నవ్వేది.

పార్లర్ పని నేర్చుకునేటప్పుడు నాది జిడ్డు చర్మమని తెలిసింది. మీరూ చూసుకోవచ్చు. మొహం కడుక్కొని, ఏమీ రాయకుండా ఓ గంట ఆగి, టిష్యూ కాగితం అద్దండి. కాగితమంతా నూనె అంటితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు దగ్గరే అంటితే జిడ్డూ పొడీ కలిసిన చర్మం. ఏమీ అంటక, మొహం బిగుసుకుపోయినట్టుంటే పొడి చర్మం. నా కాగితమైతే పకోడీలు కట్టిన కాగితమే. ఇంకేం, దాన్ని పట్టుకొని సరాసరి పెద్దమ్మ దగ్గరికి పోయాను.

"చూసినవా? నా మొటిమలన్నీ నీ మీగడ పుణ్యమే."

ఆమె కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "పాలోళ్ళింట్ల పెరిగినోళ్ళకు మీగడ పడకపోవుడేంది బిడ్డా? నాకేం ఎరుక" అంది. కోప్పడినా బాగుండేది.

అంతకు ముందు నేను బయలుదేరితే గడ్డం పట్టుకొని "పైలం" అనేది. ఆ తర్వాత చెయ్యి సగం దాకా వచ్చి ఆగేది. "వద్దులే, జిడ్డు చేతులు" అని కొంగుకు తుడుచుకొని నెత్తి నిమిరి పంపేది. ఏం కాదు పెద్దమ్మా, పట్టుకో అనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, మొదట్లో హాయిగానే ఉండింది.

అదే నోటితో రోజంతా, "మీది డ్రై స్కిన్ మేడమ్, సబ్బు తగ్గించండి, స్నానం కాగానే తడి మీదే క్రీమ్ రాయండి" అని వచ్చినవాళ్ళకు చెబుతుంటాను. దసరాకు పోయినప్పుడు పెద్దమ్మ చెంపలు తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. చూశాను. ఈసారి వచ్చేటప్పుడు ఓ డబ్బా తేవాలనుకున్నాను. అనుకొని మర్చిపోయాను.

నేను పోయేసరికి ఆఖరి స్నానం అయిపోయింది. పెద్దబాపు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పక్కింటామె పసుపు గిన్నె నా చేతికిచ్చింది. "నువ్వే రాయి బిడ్డా, నీకు అలవాటైన పని."

పెద్దమ్మ చెంప మీద చెయ్యి పెట్టాను. ఎందరి మొహాలో పట్టిన చేతులివి, ఈ మొహాన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. కాగితం అక్కర్లేకపోయింది. గరుకుగా ఉంది. వేలికి పొట్టు అంటింది.

"జరంత మీగడ తే వదినా" అన్నాను.

వదిన నిన్నటి పాల మీది మీగడ తెచ్చింది. పసుపులో కలిపి, నుదుటి నుంచి గడ్డం దాకా, గుంజకుండా, ఆమె నేర్పినట్టే రాశాను. పొడి చర్మం ఎంత రాసినా తాగేసి ఇంకా కావాలంటుంది. నేను ఆగి చూశాను. మీగడ చర్మంలోకి ఇంకలేదు. రాసింది రాసినట్టే, పచ్చగా చెంపల మీద నిలిచిపోయింది. నా వేళ్ళకు మిగిలినది గీసి ఆమె ముక్కు కొన మీద పెట్టాను. అదీ అక్కడే ఉండిపోయింది.