మెయిన్ ఆపినా ఆగని కరెంటు

ఇది మృత్యువు గుమ్మం దాకా వెళ్లి, తలుపు తట్టి, వెనక్కొచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ మహాగాథ. అలా మొదలుపెడితే చదువుతారని రాశాను. నిజానికి నాకొచ్చింది మూడు వేళ్ల తిమ్మిరి.

ఆ రోజు భావనపాడులో చేపల ఐసు ఫ్యాక్టరీకి ప్యానెల్ బోర్డు బిగిస్తున్నాను. కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు జివ్వుమన్నాయి. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాడికి అప్పుడొచ్చే ఆలోచన ఒక్కటే, ఎక్కడో లీకేజీ. మెయిన్ ఆపాను. అయినా జివ్వుమంటూనే ఉంది. నాతో పనిచేసే సూర్రావు బావ అదే బోర్డు మీద చెయ్యి వేసి, "నాకేటీ కొట్టట్నేదురా" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం కలుపుతున్నా అదే జివ్వు. తప్పు ఇంటి ఎర్తింగ్‌దని తేల్చాను. పెరట్లో గునపంతో కొత్త గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు దించాను. తవ్వడం అయ్యేసరికి చేతిలో గ్లాసు కూడా నిలవలేదు.

అప్పటికీ డాక్టర్ గుర్తురాలేదు. మా పనిలో స్క్రూ బిగిసిందో లేదో చెప్పేది వేలే. వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి వైరు కాలుతుంది. ఒకరోజు నేను బిగించిన స్క్రూలన్నీ బావ మళ్లీ తిప్పి చూశాడు. ప్రతిదీ ఇంకో అర చుట్టు తిరిగింది. "ఒరే, ఈ సేత్తో ఇంక బోర్డు ముట్టుకోకు" అన్నాడు. మర్నాడు బస్సెక్కాను.

శ్రీకాకుళంలో డాక్టర్ నెర్వ్ కండక్షన్ స్టడీ రాశారు. అంటే చేతికి చిన్న చిన్న షాకులిచ్చి నరం ఎలా పనిచేస్తోందో చూడటం. మిషన్‌కి ఎర్తింగ్ ఉందా అని అడిగాను. టెక్నీషియన్ నవ్వలేదు.

"కార్పల్ టనెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది" అన్నారు డాక్టర్. ఏళ్ల తరబడి స్క్రూడ్రైవర్ తిప్పడం కూడా కారణమేనట. గునపం సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మణికట్టు కదలకుండా స్ప్లింట్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. "బొటనవేలి కింద కండ కరుగుతోంది. ఇంకా ఆగితే తిరిగి రాదు" అని సర్జరీకి రాశారు. చెయ్యి మొద్దుబార్చి చిన్న కోత పెట్టారు. వేరే పనేమీ లేక పడుకుని థియేటర్ వైరింగ్ తనిఖీ చేశాను. బాగానే ఉంది.

తర్వాతి వారాలే కష్టం. కూర్చోలేను, పడుకోలేను. గదుల్లో తిరుగుతూ వేళ్లు గిల్లి చూసుకోవడం, ఆగి ఫ్యాన్ బేరింగ్ చప్పుడు వినడం, మళ్లీ గిల్లుకోవడం. "ఆ కట్టు సేతికి కాదు, నీ కాళ్లకి కట్టాల్సింది" అంది మా ఆవిడ.

డాక్టర్ సరేనన్నాక పనికెళ్లి మొదటి స్క్రూ బిగించాను. బావ తిప్పి చూశాడు. కదల్లేదు. రెండోదీ కదల్లేదు. మూడోది చూడకుండానే టీకి బయల్దేరాడు. కన్నీళ్లేమీ రాలేదు. టీలో పంచదార ఎక్కువైంది.

ఇప్పుడు పని చేసుకుంటున్నాను. చూపుడువేలి కొస ఇంకా కొంచెం మొద్దే. పెద్ద ప్యానెళ్లు బావనే మరోసారి చూడమంటాను. మీ వేళ్లు జివ్వుమంటే ముందు మెయిన్ ఆపండి. అయినా ఆగకపోతే గునపం తియ్యకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నేను తవ్విన ఎర్తింగ్ మాత్రం చక్కగా పనిచేస్తోంది. ఎండాకాలంలో గొయ్యి తడి ఆరకుండా వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి.