పిన్ని చెప్పిన సాక్ష్యం

మొన్న మోకాలి నొప్పికని రాజమండ్రి వెళ్తే, డాక్టరు గారు మోకాలు వదిలేసి నా మెడ కిందా భుజం మీదా బొటనవేలితో నొక్కి చూశారు. నొప్పేమీ లేదు. అయినా నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన కంగారుపడి చెయ్యి తీసేశారు. ఆ నొప్పి నాది కాదండీ, మా పిన్నిది అని ఎలా చెప్పను? రాసిచ్చిన మాత్రలు పట్టుకుని వచ్చేశాను.

పిన్ని మా అమ్మ చెల్లెలు. ఆత్రేయపురం అవతల ఒక పల్లెలో టీచరు. బాబాయి అక్కడి చర్చిలో సంఘ పెద్ద. నలభై దాటాక పిన్నికి ఒళ్ళంతా నొప్పులు పట్టుకున్నాయి. మెడ, భుజాలు, నడుం, మోచేతులు, మోకాళ్ళ లోపలివైపు, ఒకచోటని కాదు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ప్రాణం పోయేది. జాకెట్టు కుట్టు ఒరుసుకున్నా ఓర్చుకోలేకపోయేది. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళు రోట్లో వేసి దంచినట్టుండేదట. తన క్లాసు పిల్లల పేర్లే మర్చిపోయేది. ఎక్స్‌రేలు తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. మనిషి నిక్షేపంలా కనబడుతుంటే నొప్పని ఎవరు నమ్ముతారు? పైగా మావాళ్ళు ఓదార్చడానికంటే ముందు సలహా చెప్పే రకం. ఒకరు వాతమన్నారు, ఒకరు వేడన్నారు. బాబాయి చెల్లెలైతే ఇదంతా పని తప్పించుకోవడానికేనని తేల్చిపారేసింది.

శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఒంట్లో బాగోని వాళ్ళుంటే మధ్యలో కూర్చోబెట్టి, తలకి నూనె రాసి, అందరూ చేతులుంచి ప్రార్థిస్తారు. ఒక శుక్రవారం పిన్నిని కూర్చోబెట్టారు. తల మీద చోటు చాలక భుజాల మీద, మెడ మీద, వీపు మీద చేతులు పడ్డాయి. ప్రార్థన జోరందుకున్న కొద్దీ చేతులు బరువెక్కుతాయి కదా. పిన్ని 'అమ్మా' అని కేక పెట్టింది. పాపం, నొప్పి వదిలిపోతోంది, అది విడుదల అనుకున్నారు వాళ్ళు. స్తోత్రం స్తోత్రం అంటూ ఇంకా గట్టిగా నొక్కారు. వాళ్ళకి మా పిన్నంటే ప్రాణం, వచ్చిన చిక్కే అది. ఆవిడ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతే, ఎన్నాళ్ళకి హాయిగా నిద్రపోయిందో అని మురిసిపోయారు.

ఆ ఆదివారం పిన్ని చర్చిలో లేచి నిలబడి, నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పింది. బాబాయి సంతోషంతో పూతరేకులు తెప్పించి అందరికీ పంచారు. ఇంకేముంది? సాక్ష్యం చెప్పిన నోటితో మళ్ళీ నొప్పనడానికి లేదు. అంటే దేవుడు చేసిన మేలుని కాదన్నట్టే. ఏళ్ళ తరబడి నోరు మూసుకుని వంటా చేసింది, బడికీ వెళ్ళింది. కూడికకి వచ్చినవాళ్ళు ప్రేమగా భుజం తడితే పళ్ళు బిగబట్టి నవ్వేది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు బడిలో బోర్డు దగ్గరే కూలబడిపోయింది. నేనూ బాబాయీ కలిసి రాజమండ్రిలో కీళ్ళ జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రిపోర్టులన్నీ తిరగేసి, థైరాయిడూ కీళ్ళవాతమూ లేవని చూసుకుని, బొటనవేలి గోరు తెల్లబడేదాకా పిన్ని మెడ మీద నొక్కింది.

"ఇక్కడ నొప్పుందా అమ్మా?"

పిన్ని బాబాయి వైపు చూసి "లేదండి" అంది. భుజం మీద నొక్కినా లేదంది, మోచెయ్యి దగ్గరా లేదంది. కాలివేళ్ళు మాత్రం ముడుచుకుపోతున్నాయి. డాక్టరమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది. మీరు కాస్త బయట కూర్చోండని బాబాయిని పంపించి, తలుపు వేసి వచ్చి, మళ్ళీ మెడ మీద వేలు పెట్టింది. నొక్కకముందే పిన్ని "నొప్పండి" అంది. ఆ తర్వాత ప్రతిచోటా అదే మాట. అంటూ అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో నొప్పిని మెదడు ఉన్నదానికంటే పెద్దది చేసి వినిపిస్తుందట. ఒకప్పుడు పద్దెనిమిది చోట్ల నొక్కి, పదకొండు చోట్లయినా నొప్పంటేనే ఈ జబ్బని తేల్చేవారట. ఇప్పుడు నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, మూడు నెలలు దాటిందా, నిద్ర, నీరసం, మతిమరుపు ఎలా ఉన్నాయని అడిగి తెలుసుకుంటారట. "పరీక్షలు వేరే జబ్బులు లేవని చూసుకోవడానికేనమ్మా. ఇది వాటిలో కనబడదు. మీరు నోరు విప్పి చెప్తేనే మాకు తెలిసేది," అంది.

బయటికొచ్చి బాబాయికి అంతా చెప్పాం.

"అయితే ఆ సాక్ష్యం అబద్ధమా?" అన్నారు.

"పోవాలని అంత ఆశపడ్డానండి," అంది పిన్ని.

ఆ వచ్చే శుక్రవారం, చేతులు వెయ్యొద్దు, దూరం నుంచే ప్రార్థన చెయ్యండని పిన్నే అందరికీ చెప్పింది. వాళ్ళ మనసు కష్టపడింది. విశ్వాసం సన్నగిల్లిందన్నారు. కూడిక పక్క వీధికి మారిపోయింది. బాబాయి ఒక్కరే వెళ్తున్నారు. మందులు, కాస్త నడక, వేళకి నిద్ర. వీటితో నొప్పి కొంత తగ్గింది, పోలేదు. ఉద్యోగం మానేసింది.

పోయిన నెల నేను వెళ్ళేసరికి శుక్రవారమైంది. అరుగు మీద కూర్చున్నాం. పక్క వీధిలోంచి పాటలు వినబడుతున్నాయి. పిన్ని పెదాలు కదుపుతూ వాళ్ళతో పాటే పాడుతోంది. పాట అయిపోయాక, "ఇప్పుడు నన్నెవరూ ముట్టుకోవట్లేదే," అంది. నా అరచెయ్యి చాపి ఆవిడ ఒళ్ళో పెట్టాను. తనే మెల్లిగా దాని మీద చెయ్యి వేసింది. జబ్బుకి పేరు పెట్టడానికి డాక్టరమ్మకి ఒక్క పూట సరిపోయింది. నొప్పి అన్న మాట పైకి అనేసరికి మా పిన్నికి సగం కాపురం గడిచిపోయింది.