మెస్సు వాకిట్లో నిలువుటద్దం

కిందటి నెలంతా మా ఇంట్లో పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కలేదు. ఇందిరాపురంలో ఉండే మా అమ్మాయి కూతురు, అంటే నా మనవరాలు, ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాటుకి వచ్చి మకాం పెట్టింది మరి. మిలిటరీ నర్సింగులో ఆఫీసరుగా చేరాలని ఆ పిల్ల పట్టుదల. రాతపరీక్షా ఇంటర్వ్యూ రెండూ గట్టెక్కి, తీరా డాక్టరీ పరీక్షకి వెళ్తే బరువు ఎక్కువుందని ఆపేశారు. ఇంకొక్కసారి చూస్తాం, ఈలోపల తగ్గి రమ్మని గడువిచ్చారు. అది కూడా తప్పితే ఇక అంతే, వయసు దాటిపోతుంది కాబట్టి మళ్ళీ రాసే వీలు లేదు. ఇంట్లో ఉంటే తల్లి మమకారం కొద్దీ ఏదో ఒకటి తినిపిస్తుందనీ, అమ్మమ్మ అయితే మిలిటరీలో పనిచేసిన మనిషి కనుక కటువుగా ఉంటుందనీ నా దగ్గరికి పంపించారు. నేను కటువైన మనిషినని మా అల్లుడికి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

రెండో పరీక్షకి ముందు రోజు పొద్దున నేను కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి, పిల్ల బీరువా అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చుకుని చూసుకుంటోంది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నల్లగా వలయాలు. అంతకు ముందే ఒకసారి స్నానాలగదిలో కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను చూసి, “అమ్మమ్మా, సచ్ బతావో, మోటీ లగ్ రహీ హూఁ క్యా?” అంది. లావుగా కనిపిస్తున్నానా అని ఆ పీక్కుపోయిన మొహంతో అడుగుతుంటే కాఫీ బల్లమీద పెట్టి వచ్చేశాను. వెనకే మా అమ్మాయి ఫోను, ఎంతకి దిగింది అని. పక్క ఫ్లాటు ఆంటీ కూడా లిఫ్టులో కనపడితే అదే మాట. వాళ్ళనెందుకు అనాలి, నేను మాత్రం పొద్దున లేవగానే ఆ పిల్లని అడిగే మొదటి ప్రశ్న బరువు మిషను ఎంత చూపించిందనే కదా.

ఆ బీరువా అద్దం ఆ రోజంతా నా వెంటపడింది. ఎందుకంటే నా ఉద్యోగం తొలిరోజుల్లో అలాంటి అద్దమే ఒకటి ఉండేది.

కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని నేను మిలిటరీలో చేరినప్పుడు నాకు వచ్చిన ఇబ్బంది ఈ పిల్లకి వచ్చినదానికి సరిగ్గా తిరగేసిన రకం. నేను మరీ పీలగా ఉండేదాన్ని. మా చిన్నాన్న గేటు బయట నిలబెట్టి అరటిపళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తినిపించి, మీద చెంబుడు నీళ్ళు తాగించి లోపలికి పంపితే, తూకపు బల్ల మీద కడుపు పట్టుకుని నిలబడి ఎలాగో గట్టెక్కాను. మన తరంలో ఆ అరటిపళ్ళ వైద్యం ఎంతమందిని ఉద్యోగాల్లోకి ఎక్కించిందో చదివేవాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఇక రూపం సంగతి. చామనఛాయ అనేది మా అమ్మ, నలుపు అనేది మిగతా లోకం. దానికి తోడు పొట్టి, ఎత్తుపళ్ళు.

నాకు మొదటి పోస్టింగు ఢిల్లీకి దగ్గర్లోనే, ఒక చిన్న మిలిటరీ ఆసుపత్రిలో. నర్సులం ఉండే మెస్సులో, బయటికి వెళ్ళే గుమ్మం పక్కన మనిషెత్తు అద్దం బిగించి, దాని పైన, నా వేషం సరిగ్గా ఉందా అని ఎవరికి వాళ్ళు ప్రశ్నించుకునేలా ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించారు. ఎవరైనా సరే దాని ముందు ఒక్క క్షణం ఆగి, తలమీద తెల్లటి వీల్ ఒంకరగా ఉంటే సర్దుకుని, భుజం మీద నక్షత్రాలు తుడుచుకుని బయటికి అడుగుపెట్టాలి. సరిచేసుకోవడానికి పెట్టిన అద్దమే, కాదనను. కానీ నేను సరిచేసుకోలేనివి కూడా అందులోనే కనపడేవి, అదీ రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు.

మా మేట్రన్ పంజాబీ ఆవిడ, పెద్ద వయసు మనిషి, మాట తక్కువ. నాకు తరచుగా నైట్ డ్యూటీలు వేసేది. ముఖ్యంగా ఎవరైనా పెద్ద అధికారి ఆసుపత్రి చూడటానికి వస్తున్నారంటే, ముందు రాత్రి డ్యూటీ తప్పకుండా నాదే. అంత హడావుడిలో వార్డు అప్పగించాలంటే నామీదే నమ్మకం కాబోలని నేను మురిసిపోయి ఆ మాటే ఇంటికి ఉత్తరం రాశాను. మా నాన్న దాన్ని చర్చిలో ప్రార్థన కూటానికి తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించాడట. తర్వాత ఒకనాడు, నాతో గదిలో ఉండే కొండప్రాంతపు అమ్మాయి, పొడుగ్గా పచ్చగా బొమ్మలా ఉండేది, చాలాసేపు నసిగి నసిగి అసలు సంగతి చెప్పింది. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పగలు గదిలో పడుకుంటారు. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఆసుపత్రి గుమ్మంలో పూలగుత్తులతో నిలబడే వరసలో తనలాంటివాళ్ళు ఉండాలి, నాలాంటివాళ్ళు నిద్రలో ఉండాలి, అంతే ఏర్పాటు. అది విన్నాక నాకు కొన్నాళ్ళు అన్నం సయించలేదు. ఉత్తరంలో రాసిన మాట వెనక్కి తీసుకోలేను కదా, మా నాన్న దాన్ని ఇంకా ఎంతమందికి చదువుతున్నాడో అని అదొక బాధ.

బాధ సరే, అంతకంటే భయం ఎక్కువగా ఉండేది. మాకు అప్పట్లో ఉద్యోగం కొన్నేళ్ళకే ఇచ్చేవారు. ఆ గడువు తీరే ముందు ఎవరిని ఉంచాలో ఎవరిని పంపించాలో పైవాళ్ళు తేల్చేవారు. పైవాళ్ళ కంట పడేది ఆ గుమ్మంలో వరస ఒక్కటే. నేను కంట పడనే పడనప్పుడు నన్నెవరు ఉంచుతారు? ఇంటికి తిరిగి వెళ్తే మళ్ళీ ఆ పెళ్ళిచూపులే. మా ఊళ్ళో నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళివారు కాఫీలు తాగి, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయినవాళ్ళే. ఇక్కడ మాత్రం మీసాలు నెరిసిన సుబేదార్లు నా భుజం మీది నక్షత్రాలకి సెల్యూట్ కొట్టేవారు, ఆ నక్షత్రాల పైనున్న మొహం ఏ రంగో వాళ్ళకి అక్కర్లేదు. ఆ గౌరవం చేజారిపోతుందేమోననే బెంగతో అద్దం ముందు నిలబడినప్పుడల్లా పెదవులు మూసి పళ్ళు కనపడకుండా నవ్వడం సాధన చేసేదాన్ని.

గడువు తీరబోతున్న ఏడాది, ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. మమ్మల్ని ఉంచాలా పంపాలా అని తేల్చేవాళ్ళలో ఆయన కూడా ఒకరని మెస్సంతా గుసగుసలు. తీరా ఆ పొద్దున నా స్నేహితురాలికి కళ్ళకలక. కళ్ళు ఎర్రగా వాచి, పుసులు కడుతూ, తన గడువు కూడా తీరబోతోంది కాబట్టి ఆ పిల్ల మంచం మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎప్పుడూ ముందు నిలబడి స్వాగతం చెప్పే డిప్యూటీ మేట్రన్ తండ్రికి ఒంట్లో బాగాలేదని సెలవు మీద వెళ్ళింది. మిగిలినవాళ్ళని వార్డుల్లోంచి కదపడానికి లేదు. అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నన్ను మేట్రన్ చెయ్యి పట్టుకుని ఆ నిలువుటద్దం ముందుకి తీసుకెళ్ళింది.

ఆవిడ చేతిలో గుండ్రటి పౌడరు డబ్బా ఉంది. నా మొహానికి, మెడకి, చెవుల వెనక కూడా వదలకుండా పట్టించింది. నాది పూర్తయ్యాక అదే కుచ్చుతో తన మొహానికి అద్దుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ మొహం నిండా చిన్నప్పుడు వచ్చిన స్ఫోటకం మచ్చలు. అప్పుడు నాకు వెలిగింది, అన్నేళ్ళలో ఆవిడ కూడా ఆ వరసలో నిలబడిందని నేనొక్కసారైనా వినలేదని. స్వాగతాలన్నీ డిప్యూటీవే, ఈవిడ మాత్రం ఆ వేళకి వెనక వరండాల్లో తాళాలు చూసుకుంటూ తిరిగేదట. అద్దంలో ఇద్దరం పక్కపక్కన సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాం. “ముస్కురానా. పర్ దాంత్ కమ్ దిఖానా,” అంది, నవ్వమనీ పళ్ళు మాత్రం తక్కువ చూపించమనీ.

ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాం. నా చేతిలో పూలగుత్తి. చెమట వీల్ కింద నుంచి దిగి చెంపల మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి లేదు, పౌడరు పోతుందని భయం. ఆయన కారు దిగారు. ఎడమవైపు నడుస్తున్న డాక్టరుతో నీళ్ళ ట్యాంకు కారుతోందన్న విషయం మాట్లాడుతూనే వచ్చి, నా చేతిలోంచి పూలగుత్తి అందుకుని, వెనకున్న మనిషి చేతికి ఇచ్చేసి, ట్యాంకు మాట తెగకుండానే లోపలికి వెళ్ళిపోయారు. నా వంక చూడలేదు, మేట్రన్ వంక చూడలేదు, నాకు తెలిసి ఆ వరసలో ఎవరి వంకా చూడలేదు. నా పెదవులు మాత్రం ఆయన వెళ్ళిన తర్వాత కూడా కాసేపు అలాగే నవ్వుతూ బిగుసుకుపోయి ఉన్నాయి.

వార్డులో మరచిపోయిన గడియారం తెచ్చుకుందామని పైకి వెళ్తే, కాలికి కట్టుతో పడుకున్న ఒక జవాను నన్ను చూసి కంగారుగా లేవబోయాడు. “సిస్టర్ సాబ్, తబియత్ ఠీక్ హై ఆప్‌కీ? బైఠ్ జాయియే,” అంటూ తన చేతికర్రతో స్టూలు నావైపు నెట్టాడు. నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు పాపం. నల్లటి మొహం మీద చెమటతో కలిసి తెల్లగా చారలు కట్టిన పౌడరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చి కుళాయి దగ్గరికి పరుగెత్తి మొహం కడుక్కుంటుంటే, మేట్రన్ వచ్చి నా పక్క కుళాయి తిప్పి తనూ కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పింది. తను కొత్తగా చేరినప్పుడు అలాంటి వరసలోనే నిలబడితే, ఒక అధికారి పక్కవాడితో ఈ మొహాన్ని ఎందుకు ముందు పెట్టారని అన్నాడట, తనకి వినపడేలాగే. అలాంటి మాట నీ చెవిన పడకూడదనే నిన్ను వెనక ఉంచాను బేటీ, అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలో కాళ్ళకి దణ్ణం పెట్టాలో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాత నా నైట్ డ్యూటీలు అందరితో పాటు వంతు ప్రకారమే వచ్చాయి. వానలు పడే రోజుల్లో నన్ను కొనసాగిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. ఎవరు, ఏం చూసి ఇచ్చారో నాకెవరూ చెప్పలేదు. నా స్నేహితురాలికి మాత్రం రాలేదు. ఆపరేషన్ థియేటరు పని నేర్పించమని ఆ పిల్ల ఎన్నిసార్లు అడిగినా, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నువ్వు అందుబాటులో ఉండాలని ఆఫీసు పనిలోనే ఉంచేశారు. ఏం పని వచ్చు అని అడిగేసరికి చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోయింది. స్టేషనులో రైలెక్కిస్తుంటే, నీ నైట్ డ్యూటీలు నాకు వేసినా బాగుండేదే అంది.

పరీక్ష రోజు పొద్దున మనవరాలితో క్యాబులో మిలిటరీ ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. దారిలో ఫోనులో ఏదో చూస్తూ నాకూ చూపించింది. యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి ఫొటో, కింద వందల మంది రాసిన మాటలు. కళ్ళు బాగున్నాయన్నవాళ్ళు, కాస్త లావు తగ్గితే బాగుంటుందన్నవాళ్ళు, పెళ్ళయిందా అన్నవాళ్ళు. ఆ అమ్మాయి ఏం పని చేస్తుందో అడిగినవాళ్ళు ఎంత వెతికినా కనపడలేదు. బరువు చూడటం తప్పని నేననను. పేషెంటుని ఎత్తాలి, మెట్లమీద పరుగెత్తాలి, ఒంట్లో సత్తువ ఉండాల్సిన ఉద్యోగమే అది. కానీ ఈ పిల్లని తిండి మాన్పించిన భయం ఒక్క తూకపు బల్లదేనా అనేది నా అనుమానం.

గేటు ఎదురుగా బెంచీ మీద ఇడ్లీడబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలాగే కూర్చున్న తల్లులు కొందరు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. లోపల మళ్ళీ కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు పట్టుకుంటారు, బరువు కాకుండా ఇంకేదో కొత్తగా పట్టుకుంటే ఏమవుతుంది, ఇన్నాళ్ళు పస్తులుండి కూడా కాదంటే ఆ పిల్ల ఏమైపోతుంది, ఇవే నా ఆలోచనలు. ఎండ నడినెత్తికి వచ్చాక మెల్లగా నడుచుకుంటూ బయటికి వచ్చింది. నడుస్తూనే ఫోను తీసి, కెమెరాలో తన మొహం చూసుకుని, జుట్టు సర్దుకుంది. దగ్గరికొచ్చి, బరువు సరిపోయిందట, మిగతావి తర్వాత చెప్తారట అంది, అదేదో వేరేవాళ్ళ సంగతైనట్టు.

ఎంత చూపించిందని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఎప్పుడో ఆ జవాను అడిగిన మాట నాకు తెలియకుండానే బయటికొచ్చింది. “తబియత్ ఠీక్ హై, అమ్మా?”

పిల్ల నావైపు తలెత్తి చూసింది. కళ్ళు నిండిపోయాయి. నా పక్కన కూలబడి, “బహుత్ భూఖ్ లగీ హై, అమ్మమ్మా,” అంది.

ఆకలన్న మాట వినగానే డబ్బా మూత తీసి ఇచ్చాను. తింటూ తింటూ మళ్ళీ ఫోనులోకి తొంగి చూసుకుంటుంటే నాకు ఆ మెస్సు గుమ్మం గుర్తొచ్చింది. మా అద్దం గోడకి మేకులు కొట్టి బిగించి ఉండేది. దాని ముందు ఎంత బెదిరినా, గుమ్మం దాటితే అది అక్కడే ఆగిపోయేది, వార్డులోకి నా వెంట వచ్చేది కాదు. అక్కడ నేను నర్సుని, అంతే. ఈ పిల్లలు తమ అద్దాన్ని చేత్తో పట్టుకునే తిరుగుతున్నారు, అన్నం ముందు కూడా. ఇంకో ఇడ్లీ తినేదాకా ఆ ఫోను నా సంచీలో ఉంచమని అడిగాను. కాసేపు ఆలోచించి, ఇచ్చింది.