లారీలో నాయన సీటు

దర్శనానికని అబద్ధం చెప్పి మా నాయనను కాణిపాకం తీసుకుపోయిన సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత మంచి పని కాదు. కోపం నెత్తికెక్కితే నాకు ముందూ వెనకా కనపడదు. ఇది నా మొగుడికీ తెలుసు, చిత్తూరు స్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకూ తెలుసు. ఆ కోపం ఆ రోజు ఇద్దరు ముసలివాళ్లను తడిగచ్చు మీద నిలబెట్టింది.

నాయన పదహారేళ్లు మిలటరీలో ఉన్నాడు. కుడి తుంటి ఎముక విరిగి, కుంటుతూ ఇంటికొచ్చాడు. నాకప్పుడు మూడేళ్లు. ఎందుకు కుంటుతాడని చిన్నప్పుడు అడిగితే, "రాళ్లు పడినాయి మ్మా" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట రాబట్టలేం. కార్వేటినగరం పక్కన మా ఊళ్లో మామిడితోపు చూసుకుంటూ, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టీ అంగడికి పోయి పేపరు చదవడం ఆయన అలవాటు. వానొచ్చినా ఆ అలవాటు తప్పేది కాదు.

పోయిన ఏడాది మా ఊరి హైస్కూల్లో, చుట్టుపక్కల ఊళ్లనుంచి మిలటరీకి పోయినవాళ్ల పేర్లు రాతిపలక మీద చెక్కించాలనుకున్నారు. కాల్పుల్లో దెబ్బ తిన్నవాళ్ల పేరు పక్కన ఒక నక్షత్రం పెట్టాలని తీర్మానించారు. అందరినీ డిశ్చార్జి పుస్తకాలు తెమ్మన్నారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. తోడుగా నేనూ ఉన్నాను. పేజీలు తిరగేస్తున్న పెద్దమనిషి, పక్కన మైకు ఉందని మర్చిపోయి, "ఈయప్పకు సెలవులో ఇంటికాడ దెబ్బ తగిలిందని రాసుండాది. నచ్చత్రం రాదు" అన్నాడు. స్కూలు ఆవరణ మొత్తం విన్నది. వెనక ఎవరో నవ్వారు.

నాయన పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. ఆ తరవాత టీ అంగడికి పోలేదు. వారం చూశాను, పది రోజులు చూశాను. పేపరు ఇంటికే తెప్పించుకుంటానన్నాడు. తెప్పిస్తే విప్పను కూడా విప్పలేదు. "ఇంటికాడ పడినోడు" అని ఊళ్లో ఆయనకు పేరు పెట్టారని మా పక్కింటామె చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే ఆ సెలవుకు నాయన ఇంటికి రానేలేదు. మా అమ్మ చనిపోయేదాకా ఆ కథ చెప్తూనే ఉండేది. "సెలవుకు వస్తాండానని జాబు రాసినాడు. నేను ఇల్లంతా అలికి పెట్టుకున్నా. ఆయన బదులు ఆయన స్నేహితుడొచ్చి ఈ రగ్గిచ్చి పోయినాడు. నాలుగోనాడు ఈయనకు దెబ్బ తగిలిందని టెలిగ్రాం వచ్చె" అనేది. ఆ రగ్గు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మరి నాయన సెలవులో ఇంట్లో ఎట్లా పడ్డాడు?

రగ్గు తెచ్చి ఆయన ముందు వేసి అడిగాను. ఆయన దాన్ని మడిచి నా చేతికే ఇచ్చాడు.

"ఒట్టేసినాను మ్మా. కాణిపాకం సామి మీద. ఇంక అడగొద్దు."

ఈ మాట బయటివాళ్లకు ఎంత అర్థమవుతుందో నాకు తెలియదు. మా వైపు కోర్టులో జంకు లేకుండా అబద్ధం చెప్పే మనుషులు కూడా కాణిపాకం ప్రమాణమంటే వెనక్కి తగ్గుతారు. పొలం గట్టు తగాదాలు, దొంగతనాలు, మొగుడూ పెళ్లాల అనుమానాలు అన్నీ అక్కడే తేలతాయి. తలకు పోసుకుని, తడిగుడ్డలతో స్వామి ముందు నిలబడి చెప్పాలి. తప్పు చేసినవాడు నీళ్లు పోసుకునే చోటే ఒప్పేసుకుని ఇంటికి పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. నాయన అట్లాంటి చోటి మీద ఒట్టేశాడంటే ప్రాణం పోయినా నోరు విప్పడు.

చిత్తూరులో మాజీ సైనికుల ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడి గుమాస్తా మంచివాడే. "ఇంట్లోవాళ్లు చెప్తే చెల్లదమ్మా. ఆయనతో పనిచేసినవాళ్లు ఎవరైనా వచ్చి ఎదురుగా సంతకం పెట్టాలి. ఏదన్నా పాత కాగితం కూడా ఉంటే మేలు. మిలటరీ రికార్డులవాళ్లు వచ్చే వారం తిరుపతికి వస్తున్నారు, మూడు రోజులుంటారు. మళ్లీ ఎప్పుడొస్తారో మాకే తెలియదు" అన్నాడు. దిద్దుబాటు జరిగితే నక్షత్రమే కాదు, గాయపడినవాళ్లకిచ్చే పతకం కూడా రావాలన్నాడు.

రగ్గు తెచ్చిన స్నేహితుడు చిత్తూరులోనే ఉన్నాడు. నాయన కంటే రెండేళ్లు చిన్న, ఒకే దళంలో పనిచేశారు. పెళ్లాం పోయాక కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆమె ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది, నాకంటే మూడేళ్లు చిన్న. నేను పోయేసరికి ఆమె మిషను ఆపి, కాఫీ తెచ్చిచ్చి మళ్లీ పనిలో కూర్చుంది. నేను లోపలి గదిలో ఆయన్ను ఆ సెలవు సంగతి గొంతు తగ్గించి అడిగాను.

"శానా ఏండ్లాయె పాపా. నాకు గ్యాపకం లేదు."

"రగ్గు నువ్వే కదా తెచ్చింది సిన్నాయనా?"

"ఏ రగ్గు?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గోడ వైపు చూశాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. "అట్లయితే కాణిపాకానికి రా. తలకు పోసుకుని, సామి ముందర నిలబడి, ఆ సెలవు నేను తీసుకోలేదని సెప్పు. ఇంక నీ గడప తొక్కను" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "వస్తాలే" అన్నాడు. ఒప్పుకున్నాడంటే, నాయన సెలవు మీద ఈయనే వచ్చాడని నేననుకున్నది తప్పేమోనని బస్సెక్కాక నాకే భయం పట్టుకుంది. అయినా వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

రికార్డులవాళ్లు తిరుపతికి వచ్చిన మొదటిరోజే నాయనను కాణిపాకం తీసుకుపోయాను. చాలా రోజులకు గడప దాటాడు కదా, దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. గుడి దగ్గర స్నానాల కొళాయిల వైపు తిరిగేసరికి ఆయన నడక ఆగిపోయింది. అక్కడ స్నేహితుడు నడుముకు టవలు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన చొక్కా పట్టుకుని కూతురు. నాన్న మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడని ఆమె అనుకుంటోంది.

"వాణ్ణి ఈడికెందుకు పిలిపించినావు?" అని నాయన అడిగాడు.

నేను చెప్పాను. దాచలేదు. ఆయన ముఖం నల్లబడింది.

అప్పటికే స్నేహితుడు ఒక చెంబు పోసుకున్నాడు. రెండోది పోసుకున్నాడు. మూడోది పట్టి పైకెత్తాడు గానీ సగం నీళ్లు భుజం మీద ఒలికిపోయాయి. డెబ్బై ఏళ్లకు దగ్గరైన మనిషి, ఎముకలు కనపడుతున్న ఛాతీ, పళ్లు టకటకమంటున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని కాచుకుని ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

నాయన కుంటుకుంటూ పోయి ఆ చెంబు లాక్కున్నాడు.

"సాలు రా" అన్నాడు. తన భుజం మీది తువ్వాలుతో ఆయన తల తుడుస్తూ నా వైపు తిరిగాడు. "వీడు అబద్ధమాడితే దేవుడి కాడ సెడిపోతాడు. నిజం సెప్తే ఆఫీసులో సెడిపోతాడు. నా నచ్చత్రం కోసరం వీణ్ణి ఈడ నిలబెడతావా? ఇంత సదువు సదివి నేర్సుకున్నది ఇదేనా?"

"నువ్వు ఊళ్లో తలెత్తుకోలేక గదిలో కూర్చుంటే నేను సూడలేకపోయినా నాయనా" అన్నాను. ఏడుపు ఆగలేదు. చుట్టూ జనం చూస్తున్నారు, అయినా ఆగలేదు.

"ఏం ఒట్టు? ఏం నిజం? నాకెవరైనా సెప్తారా?" అని స్నేహితుడి కూతురు అడిగింది.

అప్పుడు స్నేహితుడు ఆ తడిగచ్చు మీదే కూలబడి చెప్పాడు. కొండ మీద కాపలా చోటునుంచి సెలవుకు పోయేవాళ్లను దించే లారీ పదిహేను రోజులకొకసారి వచ్చేది. ఆ సారి సీటు నాయనది. సెలవు ఉత్తర్వు, సెలవు చీటీ, రైలుకు మిలటరీవాళ్లిచ్చే వారంటు అన్నీ నాయన పేరు మీదే వచ్చాయి. అంతకు ముందురోజే స్నేహితుడికి ఇంటినుంచి జాబు వచ్చింది. పెళ్లానికి నెలలు నిండుతున్నాయి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆమె పక్కన మగదిక్కు లేదు అని రాశారు. నాయన తన కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. వాళ్ల సుబేదారు, "పోయిరా, కాగితాలు తరవాత మార్పిద్దాం" అని నోటిమాటగా ఒప్పుకున్నాడు. నాలుగు రోజులకు సరిహద్దు అవతలివాళ్ల గుండు పడి రాతి బంకరు కూలింది. సుబేదారు చనిపోయాడు. నాయన రాళ్ల కింద దొరికాడు.

"నేను తిరిగిపోయేసరికి అడిగేవాడు లేడు, సెప్పేవాడు లేడు. ఇంకొకరి కాగితాల్తో పోయొచ్చినానని తెలిస్తే నన్ను జైల్లో ఏస్తారనుకున్నా. ఆస్పత్రికి పోయి అన్న కాళ్లు పట్టుకున్నా, సెప్పొద్దని ఒట్టేయించుకున్నా" అన్నాడు. నాయనను మార్చిన మూడో ఆస్పత్రిలో గుమాస్తా సెలవు ఉత్తర్వు చూసి, ఆ రోజుకు సెలవులో ఉన్నాడు కాబట్టి ఇంటిదగ్గరే దెబ్బ తగిలిందని రాసేశాడు. నాయన దాని కింద సంతకం పెట్టాడు.

ఆమె మా నాయన కుడికాలు వైపు చూసి, వాళ్ల నాయన వైపు తిరిగింది.

"నేను పుట్టింది మున్సిపాలిటీలో రాయించింది ఎవురు నాయనా?"

"నేనే. రిజిస్టర్లో సంతకం పెట్టినా."

"అట్లయితే ఆ తేదీకి నువ్వు ఈడే ఉన్నట్టు కాగితం ఉండాది. పోదాం లే."

"నా పింఛను ఆపేస్తే?" అన్నాడాయన.

"కుట్టుమిషను ఉండాది కదా" అంది.

నాయన వద్దనే అన్నాడు. వద్దని నాలుగైదుసార్లు అన్నాడు. స్నేహితుడు లేచి, మిగిలిన నీళ్లు తలమీద పోసుకుని, గుడి వైపు తిరిగి దండం పెట్టాడు. "ఒట్టు ఏయించుకున్నోణ్ణి నేను. సామి ఎదురుగా నిన్ను ఆ ఒట్టులోంచి ఇడిసిపెడతాండాను అన్నా" అన్నాడు. నాయన తువ్వాలు మళ్లీ ఆయన చేతికిచ్చాడు.

రెండో రోజంతా చిత్తూరులో పాత జనన రిజిస్టరు నకలు కోసం తిరిగాం. సాయంత్రం ఆఫీసు మూసే ముందు చేతికి వచ్చింది. మూడో రోజు పొద్దున్నే తిరుపతి చేరాం. అలిపిరి వైపు పోయే జనంతో బస్సులన్నీ నిండి, మేం దిగేసరికే వరస పెద్దదై ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు బల్లలు సర్దుతారని చెప్పారు. మా వంతు వచ్చేసరికి రెండున్నర దాటింది. ఆ వరసలో నేను మాట్లాడిన మాట ఒక్కటీ గుర్తులేదు. గడియారం మాత్రం గుర్తుంది.

ఆఫీసరు కాగితాలు రెండుసార్లు చదివాడు. స్నేహితుడి వైపు చూశాడు. "ఆ రోజుల్లో మీరు డ్యూటీలో హాజరని రికార్డుంది. లేనని మీరే రాసిస్తున్నారు. ఇది మీ మీదికి రావచ్చు. తెలిసే చెప్తున్నారా?"

ఆయన మడమలు కలిపి నిలబడ్డాడు. "తెలిసే సార్. రాసుకోండి."

నాయన నేల చూస్తున్నాడు. స్నేహితుడు చెప్తుంటే కూతురే వాంగ్మూలం రాసింది. సెలవు ఎందుకు మార్చుకున్నారని రాయాల్సిన చోట పెన్ను ఆపి, "నేను పుట్టడానికి" అని రాసి, కొట్టేసి, "భార్య కాన్పుకు" అని రాసింది. నేను పక్కనుంచి చూశాను. ఆయన కింద సంతకం పెట్టాడు.

తరవాత అయిదు నెలలు ఏ కబురూ లేదు. నాయన టీ అంగడికి పోలేదు. పోస్టతను బెల్లు కొడితే మాత్రం లేచి గేటు దాకా వచ్చేవాడు. నక్షత్రం గురించి ఆరాటపడుతున్నాడని నేననుకున్నాను.

ఒక ఆదివారం నేను ఊరికి పోయినప్పుడు నాయన ముందురోజు వచ్చిన కవరు ఇచ్చాడు. విప్పలేదు. నన్ను చదవమన్నాడు. పాత నమోదు రద్దు చేశారు. శత్రువుల కాల్పుల్లో విధి నిర్వహణలో గాయపడ్డాడని దిద్దారు, పతకానికి సిఫారసు పంపారు. నేను గట్టిగా రెండుసార్లు చదివాను. కంచంలో అన్నం వడ్డించి ఉంది, ఆయన చెయ్యి పెట్టలేదు.

"వానికేమొచ్చిందో కనుక్కో" అన్నాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. "తిను నాయనా, ఆరిపోతాది" అంటే కంచం పక్కకు జరిపాడు. నెలల తరబడి ఆయన గేటు దగ్గర నిలబడింది తన ఉత్తరం కోసం కాదు, స్నేహితుడి కబురు కోసమని అప్పటికి గానీ నాకు తెలియలేదు. నాలుగోసారి స్నేహితుడి కూతురు ఎత్తింది.

"మాకూ నిన్ననే వచ్చిందక్కా. వాంగ్మూలం తీసుకున్నారంట, ఆయన మీద ఇంక సర్య ఏమీ తీసుకోరంట. మా నాయన ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పండుకోనుండాడు. ఇన్నాళ్లకు పగలు నిద్ర పట్టింది. అందుకే నేను ఫోను ఎత్తలా" అంది.

అదే మాట నాయనకు చెప్పాను. కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే అన్నంలోకి ఇంత సారు పొయ్యి మ్మా" అన్నాడు. ఆ సాయంత్రం టీ అంగడికి పోయాడు.