రెండో ఢీ

నిరుడు మా ముంబై కామాటిపుర ఆడపిల్లలకు రగ్బీ నేర్పడానికి ఒక ఇంగ్లండు ఆటగాడు వచ్చాడు. ఏళ్ల తరబడి అదే వృత్తిగా ఆడి, తలదెబ్బల వల్ల మానుకున్నవాడు. పత్రికలో పనిచేసి రిటైరైన నన్ను తర్జుమాకు పిలిచారు.

బంతి కోసం దూకిన సుజాత, రేణుకల తలలు ఠప్పున గుద్దుకున్నాయి. సుజాత కూలబడి, తూలుతూ లేచింది. రేణుక నవ్వుతూ తల వంచి, "ఇంకోసారి కొట్టుకుందాం రావే, లేకుంటే కొమ్ములొస్తయ్" అంది. మన ఇళ్లలో అందరూ చేసేదే.

"నో!" అని అరుస్తూ ఆయన మధ్యలో దూరి రేణుకను నెట్టేశాడు.

చూస్తున్న సుజాత తల్లి ఎల్లమ్మ మీదికొచ్చింది. "ఏం సాబ్, ఆడపిల్లల మీద ఒర్రుడేంది? చేతులేసుడేంది?"

ఈ శిక్షణ పెట్టించిన నిర్వాహకుడు సుజాతకు నీళ్ల సీసా ఇచ్చి, "ఏంగాలే బేటా, చల్, ఆడు. ఫోటోలింక దియ్యలే" అన్నాడు.

ఆటగాడి ముఖం కందగడ్డ అయింది. "నన్నూ ఇలాగే లేపి ఆడించారు. ఆ ఆటలోనే రెండో దెబ్బ తగిలింది. ఇప్పుడు నా ఇంటి దారి నా భార్య చూపించాలి" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

ఎల్లమ్మ కూతుర్ని ఆస్పత్రికి బయల్దేరదీసింది. "అక్కా, ఒక్క ఫోటో!" అంటూ నిర్వాహకుడు వెంటబడ్డాడు. బిడ్డ తూలుతుంటే ఫోటో అడిగిన ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"అత్తా, మరి కొమ్ములు?" అంది రేణుక బెంగగా.

"రానియ్యే," ఎల్లమ్మ నిర్వాహకుడి వైపు చూసింది. " ముందుగాల వీణ్ణే పొడుస్తది."