అమ్మ దగ్గరికి ఒక టికెట్

కండక్టరమ్మ ఉద్యోగం దిగి చాలా కాలమైంది గానీ, ఉద్యోగం మాత్రం ఆవిడ్ని వదిలి దిగలేదు. గదిలోకి అడుగుపెడితే చాలు, "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటుంది. వినేవాళ్ళు మూడు నాలుగేళ్ళ పిల్లలు కాబట్టి నిజంగానే జరుగుతారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పెద్దవాళ్ళు ఒక్కరోజు కూడా జరిగిన పాపాన పోలేదు.

సిటీ బస్సులో టికెట్లు కొట్టీ కొట్టీ మోకాళ్ళు అరిగాక, తోడికోడలితో కలిసి ఇంటి కింది భాగంలోనే పిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టింది. పనులకు వెళ్ళే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దింపి, సాయంత్రం తీసుకుపోతారు. వంట, శుభ్రం తోడికోడలివి. ఆడించే డ్యూటీ కండక్టరమ్మది. ఎండ రోజుల్లో అదేమంత పని కాదు. వాకిట్లోకి వదిలేస్తే వాళ్ళ ఆటలు వాళ్ళే వెతుక్కుంటారు. వాన పట్టుకుందంటేనే అసలు కథ. తలుపులు మూసిన గదిలో ఆ మూక ఇల్లు పీకి పందిరి వేస్తుంది.

"ఒక టీవీ కొని పడేద్దాం అక్కా, గొడవ వదిలిపోతుంది" అని ప్రతి వానాకాలం తోడికోడలు మొదలుపెడుతుంది.

"నిండు బస్సులో జనం ఎప్పుడు కొట్టుకుంటారో తెలుసా? చేతులు ఖాళీగా ఉన్నప్పుడు. ఒకడికి సంచి పట్టుకోమని ఇవ్వు. ఒకణ్ణి చిల్లర అందించమను. ఇంకొకణ్ణి స్టాపొస్తే కేకెయ్యమను. ఎవడి పని వాడికుంటే నోరు లేవదు" అంటుంది కండక్టరమ్మ. ఈ విషయంలో ఆవిడ బ్రహ్మదేవుడు చెప్పినా వినదు.

అందుకే నాలుగు చినుకులు పడగానే దుప్పటి తెచ్చి కుర్చీల మీద కప్పి గుహ కడుతుంది. తొట్టిలో కాగితం పడవలు వదిలి, చెయ్యి తగలకుండా నోటితో ఊది అవతలి గట్టు చేర్చమంటుంది. విడిచిన సాక్సులన్నీ కుప్పపోసి జతలు వెతకమంటుంది. కళ్ళకు గంతలు కట్టి, గరిటె ఏ గిన్నె మీద మోగిందో చెప్పమంటుంది. తోడికోడలి గిన్నెలు సొట్టలు పోయింది ఈ ఆటలోనే. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ రగులుతూనే ఉంది.

ఇన్ని విద్యలూ ఒక్క పిల్ల దగ్గర మాత్రం పారలేదు. మందుల పెట్టెలు సర్దే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె కూతురు. కొత్తగా చేరింది. ఎండ రోజుల్లో గేటు ఊచలు పట్టుకుని, అమ్మ వెళ్ళిన రోడ్డు చూస్తూ ఊరుకునేది. వాన వచ్చి తలుపులు మూస్తే రోడ్డు కనపడదు. ఇక అందుకునేదంటే వాంతి అయ్యేదాకా ఏడుపే. మిగతా పిల్లలు సైరన్ అని పేరు పెట్టేశారు. అప్పటికే రెండుసార్లు తల్లికి ఫోన్ చేసి, పనిలోంచి లేపి రప్పించాల్సి వచ్చింది.

ఆ పొద్దున కుండపోత. తల్లి పిల్లని దింపి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మా సూపర్‌వైజరు చెప్పేశాడమ్మా. ఇంకొక్కసారి మధ్యలో లేచి వెళ్తే మళ్ళీ రానక్కర్లేదన్నాడు. దీన్ని చూసుకోడానికి నాకింకెవరూ లేరు. ఆ పని పోతే మేమిద్దరం ఏమైపోతామో కూడా తెలీదు."

"నువ్వెళ్ళు తల్లీ. నీ ఫోన్ మోగదు" అంది కండక్టరమ్మ.

ఆమె గొడుగు మలుపు తిరిగిందో లేదో తోడికోడలు మీదికొచ్చింది. "అంత ధీమాగా మాటిచ్చేశావేంటక్కా? ఏం చేద్దామని?"

"ఇంకా ఆలోచించలేదు" అంది ఆవిడ, అంతే ధీమాగా.

సైరన్ మొదలైంది. కండక్టరమ్మ గది నాలుగు మూలలా చూసింది. బస్సు ఆట ఒక్కటే ఆవిడ ఇన్నాళ్ళూ ఆడించకుండా దాచింది. పిల్లల మీద ప్రేమ లేక కాదు, జీవితమంతా చేసిన చాకిరీ మళ్ళీ ఆటగా కూడానా అని. ఇవాళ తప్పేట్టు లేదు. కుర్చీలు రెండు వరసలుగా వేసింది. గుండ్రాయి అని అందరూ పిలిచే బొద్దు పిల్లాడికి స్టీరింగని చెప్పి పళ్ళెం చేతికిచ్చి డ్రైవర్ని చేసింది. పాత పేపరు ముక్కలు చింపి టికెట్లు చేసింది.

"ఎక్కడికి బాబూ?"

"చందమామకి!"

"నువ్వు?"

"మా తాతయ్యింటికి!"

చింపుతూ, ఇస్తూ, తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తున్న పిల్ల దాకా వచ్చింది. "నీకెక్కడికమ్మా?"

"అమ్మ దగ్గరికి" అంది ఆ పిల్ల వెక్కిళ్ళ మధ్య.

బుర్ర కంటే ముందు చెయ్యి కదిలింది. "అమ్మ దగ్గరికి ఒకటి. ఎక్కు, కిటికీ సీటు ఖాళీ" అంటూ కాగితం చింపి గుప్పిట్లో పెట్టేసింది. కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగింది. పిల్ల వెళ్ళి కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది.

అప్పుడు గానీ కండక్టరమ్మకు తను చేసిన పని తెలిసిరాలేదు. బస్సు వెళ్ళని ఊరికి ఆవిడ తన సర్వీసులో ఎన్నడూ టికెట్ కొట్టలేదు. చందమామకి ఎక్కినవాడికి ఇది ఆట అని తెలుసు. ఈ పిల్లకి తెలియదు.

కాసేపటికి చందమామ వచ్చింది, తాతయ్య ఇల్లూ వచ్చింది, అందరూ దిగిపోయారు. ఆ పిల్ల దిగలేదు. "మా స్టాపు రాలేదు" అంది.

"ఆట అయిపోయిందని చెప్పెయ్యక్కా" అంది తోడికోడలు.

"టికెట్ కొట్టి నడిరోడ్డు మీద దించేస్తానా? బస్సు చెడిపోతే ఇంకో బస్సు ఆపి ఎక్కించాను గానీ, ఎవర్నీ మధ్యలో వదిలెయ్యలేదు." మోకాళ్ళు పట్టుకుని పిల్ల పక్కన కూలబడింది. "చూడమ్మా, ఇది చాలా మెల్లగా వెళ్ళే బస్సు. పైగా వాన. నువ్వు అమ్మని చేరేసరికి సాయంత్రం అయిపోతుంది. అందాకా కూర్చుంటావా?"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పిల్ల ఆలోచించి తలూపింది.

ఇక ఆ రోజంతా బస్సు ఆగితే ఒట్టు. టైరు పంక్చరైతే పిల్లలు గరిటెలతో కుర్చీల కిందికి దూరి బాగుచేశారు. రోడ్డు మునిగితే అందరూ కాళ్ళు పైకెత్తి పెట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనాలు కూడా సీట్లలోనే. తోడికోడలు సణుగుతూనే పళ్ళేలు అందించింది, డ్రైవరు పళ్ళెం మాత్రం వాడు వదిలితే కదా!

అన్నాలయ్యాక ఉరిమింది. ఆ వెంటనే కరెంటు పోయింది. చీకట్లో పిల్ల కింది పెదవి వణకడం మొదలైంది. తోడికోడలు చేతిలోకి అప్పుడే ఫోన్ వచ్చేసింది.

"చెయ్యనా అక్కా?"

"ఆగు." కండక్టరమ్మ గొంతు బస్సు మొత్తానికీ వినపడేలా లేచింది. "డ్రైవరూ, లైట్లు పోయాయి! స్టాపులు చూసి చెప్పే మనిషి కావాలి. కిటికీ దగ్గరున్నదెవరు?"

కిటికీ దగ్గరున్నది ఆ పిల్లే. అద్దంలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. పిల్ల అరచేత్తో అద్దం తుడిచి, ముక్కు ఆనించి, చాలాసేపు చూసింది. కండక్టరమ్మ పైకి మాత్రం నిండు బస్సులో నిలబడ్డంత నిబ్బరంగా ఉంది.

"కప్పల స్టాపు" అంది పిల్ల మెల్లగా.

"కప్పల స్టాపు! దిగేవాళ్ళు గెంతుతూ దిగాలి!" గదంతా కప్పలైపోయింది. పిల్ల ఆశ్చర్యంగా చూసింది. తన నోటిమాటకి ఇంతమంది గెంతుతారని దానికి ఇప్పుడే తెలిసింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఏనుగుల స్టాపన్నది, తొండాలు లేచాయి. పీతల స్టాపన్నది, అందరూ అడ్డంగా నడిచారు. నిద్ర స్టాపన్నప్పుడు అందరూ నేలమీద వాలిపోయారు, సగంమంది నిజంగానే నిద్రపోయారు. తోడికోడలు ఫోన్ గూట్లో పెట్టేసింది. టీవీ మాట ఎత్తలేదు.

సాయంత్రం తల్లి నిలువునా తడిసి, పరుగున వచ్చింది. "ఫోన్ రాలేదమ్మా. వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం. పగలంతా చేతులు ఆడలేదు."

పిల్ల సీటు దిగి పరిగెత్తి తల్లి కాళ్ళని చుట్టేసింది. కండక్టరమ్మ దాని వెనకే వచ్చి, దానికి చెప్పాల్సిన మాట దానికే చెప్పింది.

"నిన్ను అమ్మ దగ్గర దింపుతానన్నాను, దింపలేకపోయాను. అమ్మే వచ్చేసింది. తప్పు నాదేనమ్మా."

పిల్ల గుప్పిట విప్పి, నలిగిన కాగితం చూసుకుని, మళ్ళీ మూసింది.

"రేపు దింపు" అంది.

ఇక్కడికి తెచ్చిన ప్రతి పొద్దునా "వద్దు, వద్దు" తప్ప ఆ పిల్ల నోట తల్లి ఇంకో మాట వినలేదు. ఇప్పుడు రేపటి మాట అదే అంటోంది. ఆమె తడి గుమ్మంలోనే కూర్చుండిపోయి, కూతుర్ని గుండెకు హత్తుకుని, రేపు కూడా పనికి వెళ్ళొచ్చన్న సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది.